మావాణ్ణి ఇల్లు చేర్చినవారికి

నా చిన్ననాటి స్నేహితుడి పెద్దకర్మ నిన్న ఆదోనిలో ముగిసింది. చుట్టాలను సాగనంపి, షామియానా వాళ్లకు, వంటవాళ్లకు లెక్క తీర్చి, రాత్రి బస్సుకు కర్నూలు చేరుకున్నాను. ఒంట్లో ఓపిక లేదు, నిద్ర రావడం లేదు. నాలుగు రోజులు పోతే ఎవరి పనుల్లో వాళ్లం పడిపోతాము కాబట్టి, చెప్పవలసిన కృతజ్ఞతలు ఈ రోజే చెప్పాలని కూర్చున్నాను. మా చెల్లెమ్మ, అంటే వాడి భార్య, కోరినందువల్ల వాడి పేరు గానీ ఫోటో గానీ ఇక్కడ పెట్టడం లేదు. ఆదోని మార్కెట్ యార్డుతో పరిచయం ఉన్నవారికి నేను ఎవరి గురించి రాస్తున్నానో రెండు వాక్యాల్లోనే తెలిసిపోతుంది.

ఒకటో తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచి వాడు నాకు తెలుసు. ఉద్యోగరీత్యా నేను కర్నూలుకు వచ్చేశాను, వాడు ఆదోని వదలలేదు. రక్తపోటు ఎక్కువగా ఉందని డాక్టరు మాత్రలు రాసిస్తే, తల తిరగడం లేదు కదా అని కొంతకాలంగా వాటిని మానేశాడట. ఒకరోజు ఉదయం మిల్లుకు బయలుదేరుతూ గడప దగ్గరే కూలబడ్డాడు. మెదడులో రక్తనాళం చిట్లింది. 108 వాహనం సమయానికే వచ్చింది, అందులోని సిబ్బంది చేయగలిగినదంతా చేశారు, వారికి నమస్కారం. ఆ తరువాత కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్, వెంటిలేటర్, బయట బల్లల మీద ఎదురుచూపు. వాడి తమ్ముడు, ఇద్దరు కొడుకులు, నా భార్య రాత్రింబవళ్లు అక్కడే ఉన్నారు. వారు ఇంటివాళ్లు, వారికి నేను వేరుగా కృతజ్ఞతలు చెబితే నొచ్చుకుంటారు.

వాడు పోయింది సాయంత్రం. వాడి దేహాన్ని మా చేతికిచ్చింది అర్ధరాత్రి దాటిన తరువాత. ఈ మధ్యలో జరిగినదాన్ని రాయకుండా ఉండలేకపోతున్నాను. 2007 ఏప్రిల్ 1న మన పక్కనే ఉన్న అనంతపురంతో సహా మూడు జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు, పేదవాడికి పెద్దాసుపత్రి తలుపు తెరుచుకున్నదని పిల్లలకు పాఠంలో భాగంగా చెప్పినవాణ్ణి నేను. పేరు ఎన్నిసార్లు మారినా ఆ పథకం మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉన్నది. కానీ కార్డులో వాడి పేరుకు, ఆధార్‌లో ఉన్న పేరుకు ఒక్క అక్షరం తేడా ఉన్నదన్న కారణంతో అనుమతి ఆగిపోయింది. "ముందు డబ్బు కట్టండి, అనుమతి వస్తే తరువాత చూద్దాం" అన్నారు. మనిషి ప్రాణం కొట్టుమిట్టాడుతున్నప్పుడు అక్షరం ఎక్కడ సరిదిద్దించుకోవాలి? తెచ్చిన అప్పు చాలలేదు. చివరి బిల్లులో మిగిలిన మొత్తం కట్టేదాకా దేహాన్ని ఇవ్వమని కౌంటరులో కూర్చున్న అబ్బాయి తల ఎత్తకుండా చెప్పాడు. బాకీ ఉన్నదన్న కారణంతో మృతదేహాన్ని ఆపి ఉంచకూడదని జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఉన్నది. ఆ మాట నేను చెబితే ఆ అబ్బాయి, "ఆ పత్రం మా దగ్గర లేదు సార్" అన్నాడు. అతడి మీద నాకు కోపం లేదు, అతడిది కూడా జీతం బతుకే. అతడిని అక్కడ కూర్చోబెట్టిన పద్ధతి మీదనే నా బాధ అంతా. ఆ ఆసుపత్రి పేరు రాయను. ఒకరి పేరు రాస్తే మిగతావాళ్లంతా మంచివాళ్లని అర్థం వస్తుంది.

డబ్బు సర్ది బయటికి వస్తే గేటు దగ్గర వాహనాల బేరం మొదలైంది. ప్రభుత్వాసుపత్రుల్లో చనిపోయినవారిని ఉచితంగా ఇంటికి చేర్చడానికి మహాప్రస్థానం వాహనాలు ఉన్నాయి. ప్రైవేటు ఆసుపత్రిలో పోయినవాళ్లకు గేటు బయట నిలబడిన బండ్లే దిక్కు. కర్నూలు నుంచి ఆదోనికి సుమారు వంద కిలోమీటర్ల దారికి వాళ్లు చెప్పిన బాడుగ విని వాడి తమ్ముడు అక్కడే చతికిలబడిపోయాడు. 2022లో తిరుపతిలో బండివాళ్ల గొంతెమ్మ కోరికలకు తట్టుకోలేక ఒక తండ్రి తన కొడుకు దేహాన్ని మోటారు సైకిలు మీద తొంభై కిలోమీటర్లు తీసుకుపోయిన సంగతి ఆ రాత్రి నాకు పదే పదే గుర్తుకు వచ్చింది. అప్పట్లో రాష్ట్రమంతా అయ్యో అన్నది. గేటు బయటి బేరాలు మాత్రం ఆగలేదు.

ఎదురుగా ఉన్న మందుల షాపులోని కుర్రవాడు ఎవరికో ఫోను చేస్తే, అరగంటలో ఒక పాత వ్యాను వచ్చింది. దిగిన డ్రైవరుకు ముప్పై అయిదేళ్లు ఉండవచ్చు, సన్నని మనిషి, తలకు మఫ్లర్ చుట్టుకుని ఉన్నాడు. బాడుగ ఒక్కటే మాట చెప్పాడు. అది మిగతావాళ్లు అడిగినదాంట్లో సగం కూడా లేదు. తరువాత అతడు అడిగిన మొదటి ప్రశ్న, "సార్, ఈయన పేరేంది?" అని. ఆసుపత్రిలో అడుగుపెట్టినప్పటి నుంచి వాణ్ణి మంచం నంబరుతో, సాయంత్రం తరువాత "బాడీ" అని పిలవడమే విన్న చెవులకు ఆ ప్రశ్న ఎలా తగిలిందో చెప్పలేను. పేరు చెప్పాను. స్ట్రెచరు ఎత్తేటప్పుడు అతడు వాడి తల దగ్గర నిలబడి, పేరుకు అన్న అని కలిపి, "ఇంటికి పోదాం పదన్నా" అన్నాడు. గట్టిగా కాదు, పక్కవాళ్లకు వినబడేంత.

వాడి తమ్ముడు వెనక వాడి పక్కన కూర్చున్నాడు, నేను ముందు సీట్లో ఎక్కాను. కోడుమూరు దాటేదాకా డ్రైవరు మాట్లాడలేదు. స్పీడు బ్రేకరు వచ్చిన ప్రతిచోటా బండిని దాదాపు ఆపి, చక్రాలను ఒక్కొక్కటిగా దాటించాడు. తరువాత, "ఆయన ఏం పని చేస్తుండె సార్?" అని అడిగాడు. అడిగి ఊరుకోలేదు, నేను ఆగినప్పుడల్లా ఇంకొక ప్రశ్న వేసి నాచేత చెప్పించాడు. ఆ దారి పొడవునా నా స్నేహితుడి గురించి ఒక అపరిచితుడికి చెప్పుకుంటూ పోయాను. ఆ మాటలు బయటికి రాకపోయి ఉంటే ఆ రాత్రి నేను ఏమై ఉండేవాణ్ణో నాకు తెలియదు.

వాడు జిన్నింగ్ మిల్లులో, అంటే పత్తి నుంచి గింజలు వేరుచేసే మిల్లులో, గుమాస్తా. పొద్దున్నే మార్కెట్ యార్డులో ఉండేవాడు. రైతు తెచ్చిన పత్తిలో నుంచి చిటికెడు దూది తీసి, రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పెట్టి మెల్లగా లాగి, పోగులు ఎంత పొడవు సాగాయో చూసి నాణ్యత చెప్పేవాడు. పంజాలో పత్తిని గట్టిగా నొక్కి వదిలి తేమ ఎంత ఉన్నదో అంచనా కట్టేవాడు. పన్నెండు శాతం కంటే ఎక్కువ తేమ ఉంటే ప్రభుత్వం తరఫున పత్తి కొనే కాటన్ కార్పొరేషన్ వాళ్లు కొనరు కాబట్టి, అలాంటి సరుకు కనబడితే, "ఈ రోజు అమ్మొద్దు, ఒక పూట ఎండబెట్టి తీసుకురా" అని రైతును చాటుగా పిలిచి చెప్పేవాడు. మిల్లు జీతం తింటూ రైతు పక్షం వహిస్తాడని యజమానికి ఫిర్యాదులు వెళ్లాయి. యజమాని వాణ్ణి తీసేయలేదు. వాడు చూసిన పత్తి మళ్లీ చూడనక్కరలేదన్న నమ్మకం ఆయనది. తరుగు పేరుతో బస్తాకు ఇంత అని కోసే దళారుల దగ్గర మాత్రం వాడు శత్రువుగానే చచ్చేదాకా బతికాడు.

ఆదోని 1953 దాకా బళ్లారి జిల్లాలోని తాలూకా. ఇప్పటికీ బళ్లారి, రాయచూరు వైపు నుంచి కన్నడ రైతులు మా యార్డుకు పత్తి, చెనక్కాయలు తెస్తారు. వాళ్లతో కన్నడం, హమాలీలతో ఉర్దూ, మాతో తెలుగు, మూడూ వాడికి ఇంట్లో మాటల్లాగా వచ్చేవి. కన్నడ రైతుకు అర్థం కాని తూకం చీటీని పక్కన నిలబడి చదివి వినిపించడం వాడి ఉద్యోగంలో భాగం కాదు. ఆలూరు, హొళగుంద, కోసిగి పల్లెల నుంచి సుగ్గికి, అంటే కోతల కాలంలో కూలి పనులకు, గుంటూరు వైపు పోయే కుటుంబాలు రేషను కార్డులు, బ్యాంకు పుస్తకాలు వాడి దగ్గర దాచి పోయేవి. పిల్లలను కూడా వెంట తీసుకుపోతున్నామంటే, బడి మాన్పించవద్దని ఒక్కొక్క ఇంటికి వెళ్లి బతిమాలేవాడు. కొందరు విన్నారు, కొందరు వినలేదు. ఈసారి సుగ్గికి పోయినవాళ్లు మిరప చేలల్లో నుంచే ఫోన్లు చేసి ఏడ్చారు. రాలేకపోయామని వారు నొచ్చుకోవద్దు. వారి గొంతులు మా చెల్లెమ్మకు వినిపించాను.

గోనెగండ్ల దగ్గర డ్రైవరు టీ తాగుదామని ఆపాడు. అక్కడ నేను 2009 అక్టోబరు సంగతి చెప్పాను. కర్నూలును తుంగభద్ర, హంద్రీ కలిసి ముంచిన రోజులు తెలిసినవారికి తెలుసు. మా ఇల్లు పాత ఊరిలో పల్లంలో ఉండేది. నీళ్లు తీసిన తరువాత వెళ్లి చూస్తే ఇంట్లో మోకాలెత్తు ఒండ్రు. నేను వాకిట్లో నిలబడి చూస్తున్నాను తప్ప చేయి కదలలేదు. ఆదోని నుంచి ఒక లారీ పట్టుకుని, బియ్యం మూట, కిరసనాయిలు, పాత చీరలు, రెండు పారలు వేసుకుని వచ్చినవాడు వాడే. ఒండ్రు ఎత్తిపోయడం ఎవరైనా చేస్తారు. వాడు నా పుస్తకాలను బయట వరుసగా పరిచి, ఒక్కొక్క పుట తెరిచి, తడి గుడ్డతో మన్ను తుడిచి, పుటల మధ్య మిల్లు నుంచి తెచ్చిన దూది పెట్టి ఆరబెట్టాడు. తాను ఆ పుస్తకాలు చదివేవాడు కాదు. "నీకు ఇవి లేకపోతే నువ్వు బడికి పోయి ఏం చెబుతావు" అన్నాడు. ఆ పుస్తకాలు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. తెరిస్తే కొన్ని పుటల్లో దూది పోగులు అంటుకుని కనబడతాయి.

ఇదంతా విని ఆ డ్రైవరు, "అప్పుడు నేను చిన్నోణ్ణి సార్, మా నాయన వాళ్లు మిద్దె మీద ఉండ్రి" అన్నాడు. అంతకు మించి తన గురించి ఏమీ చెప్పుకోలేదు.

ఎమ్మిగనూరు దాటాక, తెల్లవారుజామున, రోడ్డు పక్కన ఒక దీపస్తంభం కింద బండి ఆపాడు. ఇంజను ఆపేసి, "ఇంట్లో ఎవరెవరుండారు సార్?" అని అడిగాడు. ఎనభై దాటిన తల్లి ఉన్నదని చెప్పాను. కాసేపు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుని, "రోంతసేపు ఆగండి సార్. ఇట్ల అవ్వ ముందర దింపేది బాగుండదు" అన్నాడు. సీటు కింద నుంచి ఒక రేకు డబ్బా తీశాడు. అందులో కొబ్బరినూనె సీసా, కొంచెం దూది, ఒక దువ్వెన, ఉతికి మడిచిన గుడ్డ ఉన్నాయి. వెనక తలుపు తెరిచి దుప్పటి తొలగించాడు.

వెంటిలేటర్ గొట్టాన్ని పట్టి ఉంచడానికి ఆసుపత్రిలో వేసిన తెల్ల పట్టీలు వాడి బుగ్గల మీద, మీసం మీద అలాగే ఉన్నాయి. గొట్టం తీసేసినవాళ్లకు వాటిని తీసే తీరిక దొరకలేదు. ఎడమచేతి మణికట్టు మీద సూది గుచ్చినచోట నెత్తురు అట్టకట్టిన దూది, దాని మీద మరొక పట్టీ ఉన్నాయి. డ్రైవరు దూదిని నూనెలో ముంచి పట్టీ అంచుల మీద అద్ది, జిగురు మెత్తబడేదాకా ఆగి, గోటితో అంచు లేపి, ఒక్క వెంట్రుక కూడా తెగకుండా మెల్లమెల్లగా ఊడదీశాడు. మీసం దగ్గర మరీ మెల్లగా. నేను టార్చి పట్టుకున్నాను. నా చేయి వణుకుతున్నదని చూసి, "ఆయనకు నొప్పి తెలీదు సార్, నాకు తెలుసు. అయినా లాగబుద్ది కాదు" అన్నాడు. మణికట్టు మీది నెత్తురును తడిగుడ్డతో తుడిచి, దూది పోగులు సాగదీసి చూసిన ఆ బొటనవేళ్లను రెండింటినీ కూడా తుడిచాడు. గడ్డం కింద వదులైన కట్టును సరిచేసి, తల దువ్వాడు. పాపిట ఏ వైపు తీయాలని అడిగాడు.

ఆపరేషన్ అని చెప్పినప్పుడు గానీ, పోయాడని చెప్పినప్పుడు గానీ, బిల్లు దగ్గర నిలబడినప్పుడు గానీ నాకు కన్నీరు రాలేదు. పాపిట ఏ వైపు అని ఒక తెలియని మనిషి అడిగినప్పుడు నేను ఆ రోడ్డు మీద కూర్చుని పెద్దగా ఏడ్చాను. వాడి తమ్ముడు నన్ను పట్టుకుని ఏడ్చాడు. డ్రైవరు మమ్మల్ని ఆపలేదు, తొందరపెట్టలేదు. డబ్బా సర్దుకుని, బండి పక్కన నిలబడి ఉన్నాడు.

ఇంటి దగ్గర దించిన తరువాత అతడు మా అమ్మ దగ్గరికి వెళ్లి (వాడి తల్లిని నేను ఊహ తెలిసినప్పటి నుంచి అమ్మ అనే పిలుస్తాను) వంగి, "అవ్వా, నీ కొడుకును జాగ్రత్తగా తెచ్చినా" అని చెప్పాడు. ఆమె కొడుకు మొహం చూసింది, చేత్తో నిమిరింది. "నిద్రపోయినట్లే ఉండాడు నా బిడ్డ" అన్నది. ఆ మాట ఆమె చేత అనిపించినవాడు ఆ డ్రైవరు. ఎక్కువ డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ముందు చెప్పిన బాడుగే తీసుకుని, వీధి కొళాయి దగ్గర కాళ్లు చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. తన పేరు ఎక్కడా రాయవద్దని ఫోనులో చెప్పాడు, అందుకే రాయడం లేదు. నాయనా, నువ్వు ఇది చదివినా చదవకపోయినా, మా రెండు కుటుంబాలు నీకు రుణపడి ఉన్నాయి.

వాడి అంతిమయాత్ర గురించి ఎక్కువ రాయలేను. పాడె మోసింది యార్డు హమాలీలు. కొడుకులు, తమ్ముడు ముందు పట్టుకున్నారు, కానీ దారి పొడవునా భుజాలు మార్చుకుంటూ మోసినవారు హమాలీలే. ఆ ఉదయం కూలి వదులుకుని వచ్చారు. మిల్లు యజమాని ఆ రోజు యంత్రాలు ఆపించారు, ఖర్చులో కూడా చేయి వేశారు. దింపుడు కల్లం దగ్గర వాడి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవమని పెద్దకొడుకుతో పాటు నన్ను కూడా ముందుకు పిలిచిన కులపెద్దలకు నమస్కరిస్తున్నాను. రక్తసంబంధం లేనివాడికి ఆ చోటు ఇవ్వడం చిన్న విషయం కాదు.

ఇంకొక సంగతి, ఇది చదివేవారికి పనికివస్తుందని రాస్తున్నాను. మరణ ధ్రువీకరణ పత్రం కోసం మా చెల్లెమ్మను ఆదోని నుంచి కర్నూలుకు తిప్పించారు. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయాలన్నది నిజమే. కానీ 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఆసుపత్రిలో జరిగిన మరణాన్ని 21 రోజుల లోపల రిజిస్ట్రారుకు తెలియజేయవలసిన బాధ్యత ఆసుపత్రి వాళ్లదే, భర్త పోయి మైల కూడా తీరని ఆడమనిషిది కాదు. అక్కడ కూడా ఆ ఒక్క అక్షరం తేడా మళ్లీ అడ్డం వచ్చింది. ఆధార్, రేషను కార్డు, ఆరోగ్యశ్రీ కార్డు, బ్యాంకు పుస్తకం, నాలుగింటిలో పేరు ఒకే తీరుగా ఉన్నదో లేదో అందరూ ఇప్పుడే చూసుకోండి. రక్తపోటు మాత్రలు మాత్రం ఎవరూ సొంతంగా మానవద్దు, వాడి మీద ఒట్టు.

వార్డు సచివాలయంలో ఆ అక్షరం సరిదిద్దడానికి దారి చూపించిన అమ్మాయికి కృతజ్ఞతలు. ఐసీయూలో రాత్రి డ్యూటీలో ఉన్న ఒక నర్సమ్మ నియమాలను పక్కనపెట్టి మా చెల్లెమ్మను రెండుసార్లు లోపలికి పంపింది, ఆమె చల్లగా ఉండాలి. అర్ధరాత్రి బిల్లుకు తక్కువైన డబ్బును అడగగానే ఫోనులో పంపిన నా సహోద్యోగులకు వచ్చే నెల నుంచి తీరుస్తాను. మందుల షాపు కుర్రవాడి గురించి పైన ఒక్క మాటే రాశాను, అతడు ఫోను చేయకపోతే ఆ వ్యాను వచ్చేదే కాదు. ఆపరేషన్‌కు రక్తం కావాలంటే పరీక్షలు వదిలిపెట్టి వచ్చిన కాలేజీ పిల్లల పేర్లు కూడా కనుక్కోలేదు, ఎవరికైనా తెలిస్తే నా నమస్కారం చేరవేయండి. గుంత తవ్విన పెద్దాయనకు ఆ రోజు హడావుడిలో సరిగా ముట్టజెప్పామో లేదో, ఆదివారం వెళ్లినప్పుడు కలుస్తాను. కర్నూలు చుట్టుపక్కల ఎవరికైనా ఇలాంటి కష్టం వచ్చి, రాత్రిపూట గేటు దగ్గర బేరాల మధ్య నిలబడవలసి వస్తే, ఏ వేళ అయినా సరే నాకు ఫోను చేయండి. ఆ డ్రైవరు నంబరు నా దగ్గర ఉన్నది, ఎవరికైనా ఇవ్వడానికి అతడు ఒప్పుకున్నాడు.

గోనెగండ్లలో టీ డబ్బులు వద్దన్న హోటలాయనను మరిచిపోయాను, ఆయనకు కూడా.